నాన్నతో గ్వాలియా దాకా: నాలుగు రోజులు, 1,762 కిలోమీటర్లు

2024 జులై 3న అమ్మానాన్న పశ్చిమ ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో దిగారు. వచ్చిన పదో రోజో పదకొండో రోజో, రాత్రి అన్నాలు తిని కూర్చున్నప్పుడు నాన్న అడిగారు. “పాపా, ఈ రాష్ట్రంలో బంగారు గనులు ఉన్నాయంట కదా. పోయి చూడొచ్చా?”

మూడు నెలలు ఉండడానికి వచ్చిన మనిషి తానుగా నోరు తెరిచి అడిగింది ఆ ఒక్కటే. బీచ్‌కి పోదామంటే వచ్చారు, కింగ్స్ పార్క్‌కి పోదామంటే వచ్చారు. ఏది చూసినా “బాగుంది” అనేవారు, అంతకు మించి మాట లేదు. గనుల సంగతి అడిగినప్పుడు మాత్రం కుర్చీలో కొంచెం ముందుకు జరిగారు.

మాది కుప్పం దగ్గర పల్లె. తాత కాలంలోనే కేజీఎఫ్ (కోలార్ గోల్డ్ ఫీల్డ్స్) చేరాం. నాన్న 1974లో ఛాంపియన్ రీఫ్ గనిలో హెల్పరుగా చేరి, తర్వాత వైండింగ్ ఇంజిన్ డ్రైవరు అయ్యారు. అంటే గనిలోకి దిగే షాఫ్టులో మనుషుల్ని, రాయిని దించి ఎక్కించే ఇనుప బోనుని, అదే కేజీని, పైన కూర్చుని నడిపే పని. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడేదాకా అదే పని చేశారు. అప్పుడు నేను టెన్త్‌లో ఉన్నాను, పబ్లిక్ పరీక్షలు దగ్గరపడ్డాయి. ఆ తర్వాత నాన్న పన్నెండేళ్ళు తెల్లవారుజామున మారికుప్పం రైలెక్కి బెంగళూరు వెళ్ళి ఒక అపార్ట్‌మెంట్లో వాచ్‌మన్‌గా చేశారు. ఇప్పుడు 72 ఏళ్ళు. గనుల గురించి ఇంట్లో ఎప్పుడూ మాట్లాడరు.

అందుకే ఎంత ఖర్చయినా బంగారు గనుల ఊళ్ళు కాల్‌గూర్లీ, గ్వాలియా వెళ్ళాలనుకున్నాం. పెద్దవాళ్ళతో కాల్‌గూర్లీ వైపు వెళ్ళాలనుకునే వాళ్ళకి పనికొస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మొదటి తలనొప్పి గదులు. ఆగస్టు మొదటి వారంలో వెతకడం మొదలుపెట్టాం, అప్పటికే ఆలస్యమైపోయిందని తెలిసింది. కాల్‌గూర్లీలో మోటెళ్ళు టూరిస్టుల కోసం ఖాళీగా ఉండవు. గనుల కాంట్రాక్టర్లు వారాల తరబడి గదులు తీసి పెట్టుకుంటారు. దానికి తోడు సెప్టెంబరులో గుర్రప్పందాలు, స్కూలు సెలవులు, కింగ్స్ బర్త్‌డే లాంగ్ వీకెండ్. మా ఆయన తొమ్మిది చోట్లకు ఫోన్ చేశాడు. చివరికి ఊరి చివర ఒక మోటెల్లో రెండు గదులు దొరికాయి, ఒక్కో గది రాత్రికి 189 డాలర్లు. సెప్టెంబరు 21 శనివారం నుంచి మూడు రాత్రులు. 29న అమ్మానాన్నల తిరుగు ప్రయాణం కాబట్టి వాయిదా వేసుకునే వీలు లేదు.

రెండోది కారు. మా కారులో ఐదుగురం, సామాను సర్దుకుని 600 కిలోమీటర్లు వెళ్ళడం అమ్మ మోకాళ్ళకి కుదరదు. ఏడు సీట్ల బండి అద్దెకు తీసుకున్నాం, నాలుగు రోజులకు 460 డాలర్లు. శుక్రవారం సాయంత్రం బండి తెచ్చుకోవడానికి వెళ్తే కౌంటర్లో రెండు విషయాలు చెప్పారు. రోజుకు 200 కిలోమీటర్లే ఉచితం, దాటితే కిలోమీటరుకు 33 సెంట్లు. పెర్త్ దాటాక సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం దాకా బండి నడపకూడదు, నడిపి కంగారూని గుద్దితే ఇన్సూరెన్స్ వర్తించదు. ఈ రెండూ బుకింగ్ చేసినప్పుడు మాకు కనిపించిన పేజీలో లేవు. పది నిమిషాలు వాదించాం. వెనక ఇంకో ముగ్గురు నిలబడి ఉన్నారు. తెల్లవారితే ప్రయాణం. సంతకం పెట్టి తాళాలు తీసుకున్నాం. మీరు మాత్రం డబ్బు కట్టకముందే ఫోన్ చేసి కిలోమీటర్ల లిమిట్ అడగండి. రాత్రి నడపకూడదన్న షరతు మాత్రం న్యాయమేనని తర్వాత మాకే తెలిసింది. సదరన్ క్రాస్ దాటాక రోడ్డు పక్కన చచ్చిపడి ఉన్న కంగారూలను మా అబ్బాయి లెక్కపెట్టడం మొదలుపెట్టి, ఇరవై దాటాక ఆపేశాడు.

శనివారం పొద్దున్న 6:15కి బయల్దేరాం. అమ్మ నాలుగింటికే లేచి పులిహోర కలిపింది. చపాతీలు, ఊరిబిండి, ఫ్లాస్కులో టీ. నాన్నకి దగ్గు ఉంది. గనుల్లో పాతికేళ్ళకు పైగా చేసినవాళ్ళలో దగ్గు లేనివాళ్ళు తక్కువ. ముందు వారమే డాక్టరుకు చూపించి, ఇన్‌హేలర్ రెండు కొని ఒకటి నా బ్యాగులో, ఒకటి నాన్న జేబులో పెట్టాం. అయినా నాకు లోపల టెన్షన్‌గానే ఉంది. ఆ దారిలో ఊర్లకి ఊర్లకి మధ్య దూరం మన దగ్గర జిల్లాలు దాటినంత.

మొదట మండేరింగ్ వియర్ అనే డ్యామ్ దగ్గర ఆగాం. ఏడు గంటలకి ఇంకా ఎవరూ లేరు, పంప్ స్టేషన్ తలుపులు తెరవలేదు. అక్కడి నుంచి కాల్‌గూర్లీ దాకా సుమారు 530 కిలోమీటర్లు పైపు వేసి నీళ్ళు పంపారు. ఎనిమిది పంప్ స్టేషన్లు, ఆవిరి ఇంజిన్లు. ఆ పని తలకెత్తుకున్న ఇంజినీరు సి.వై. ఓ’కానర్. ఇది జరిగే పని కాదని, డబ్బు తినేశాడని పేపర్లలో, అసెంబ్లీలో ఆయన్ని తిట్టని రోజు లేదట. 1902 మార్చిలో ఫ్రీమాంటిల్ దగ్గర సముద్రంలోకి గుర్రం మీద వెళ్ళి తుపాకీతో కాల్చుకుని చనిపోయారు. 1903 జనవరి 24న కాల్‌గూర్లీలో ఆ నీళ్ళని అధికారికంగా ప్రారంభించారు. ఇది నేను చెప్తుంటే నాన్న డ్యామ్ గోడ మీద చెయ్యి పెట్టుకుని విన్నారు. “పది నెలలు ఆగలేకపోయాడే పాపం” అన్నారు. కాసేపటికి మళ్ళీ, “మనకి బేతమంగళం నుంచి వచ్చేవి నీళ్ళు” అన్నారు. ఆ రోజు నాన్న గనుల ఊరి గురించి తానుగా అన్న మొదటి మాట అది.

అక్కడి నుంచి ఆ పైపు మనల్ని వదలదు. కొన్నిచోట్ల భూమి మీదే, రోడ్డు పక్కనే, కొన్నిచోట్ల దూరంగా రైలు పట్టాల వెంట. నాన్న కిటికీ పక్కన కూర్చుని అది కనిపించినప్పుడల్లా మావాడికి చూపించారు. మెరెడిన్‌లో పులిహోర, 45 నిమిషాలు. సదరన్ క్రాస్‌లో వీధులకి నక్షత్రాల పేర్లు, నక్షత్ర రాశుల పేర్లు పెట్టారు. మావాడు ఓరియన్ వీధిలో ఫోటో దిగాడు. అక్కడే పెట్రోలు ఫుల్ చేయించుకోండి, బాత్రూమ్ పని కూడా కానిచ్చుకోండి. తర్వాత కూల్‌గార్డీ దాకా దాదాపు 190 కిలోమీటర్లు ఎర్రమట్టి, రాగి రంగు కాండాలతో నున్నగా మెరిసే సామన్ గమ్ చెట్లు, అంతే. మా ఫోన్లకి చాలాసేపు సిగ్నల్ లేదు. మ్యాపులు ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోవడం మంచిదైంది.

ఇక్కడ ఎవరూ ముందు చెప్పని విషయం ఒకటి. ఎదురుగా లైట్లు వెలిగించుకుని ఒక చిన్న పైలట్ బండి వస్తే, వెనక గనులకి వెళ్ళే పెద్ద యంత్రం లారీ మీద వస్తోందని అర్థం. ఆ లారీ రెండు లేన్లూ తినేస్తుంది. మాకు పోలీసు బండి ఎదురై చేత్తో సైగ చేసింది. రోడ్డు దిగి మట్టిలో ఆగాం. ఇరవై ఐదు నిమిషాలు. వచ్చింది ఒక డంపర్ తొట్టి మాత్రమే. మన ఊళ్ళో రెండు గదుల ఇల్లంత ఉంది. నాన్న బండి దిగి అది కనుమరుగయ్యేదాకా చూశారు. మూడు ట్రైలర్లు లాగే పొడవాటి లారీలు, ఇక్కడ రోడ్ ట్రెయిన్లు అంటారు, అవి కూడా అంతే, దాటాలంటే గుండె చిక్కబట్టుకోవాలి. మా ఆయన ఒక్కదాన్ని దాటి, ఇక చాలు అని వెనకాలే వెళ్ళాడు.

కూల్‌గార్డీ చేరేసరికి రెండుంబావు. 1892లో ఆర్థర్ బేలీ, విలియం ఫోర్డ్ అనే ఇద్దరికి ఇక్కడ బంగారం దొరికింది. బేలీ 554 ఔన్సుల బంగారం గుర్రం మీద వేసుకుని సదరన్ క్రాస్ వెళ్ళి రిజిస్టరు చేయించాడు. మేం అంతకు రెండు గంటల ముందు టీ తాగిన ఊరు అదే. ఒకప్పుడు పెర్త్, ఫ్రీమాంటిల్ తర్వాత ఈ రాష్ట్రంలో మూడో పెద్ద ఊరు ఇది. ఇప్పుడు మేం నిలబడ్డ పావుగంటలో మెయిన్ రోడ్డు మీద నలుగురు మనుషులు కనిపించారు. రోడ్డు మాత్రం అంత వెడల్పు, ఒంటెల బండ్లు వెనక్కి తిరగడానికి వీలుగా వేశారు. ఒక వైపు గనుల తగాదాలు తీర్చిన 1898 నాటి వార్డెన్స్ కోర్టు, రాతి కట్టడం, రాజభవనంలా ఉంది. ఎదురుగా ఖాళీ స్థలాలు.

శ్మశానానికి వెళ్దామన్నది అమ్మ. నేను వద్దనుకున్నాను కానీ వెళ్ళడం మంచిదైంది. నీళ్ళు లేని ఊరు, పైపు రాకముందు టైఫాయిడ్‌తో జనం రాలిపోయారు. సమాధుల మీద వయసులు చదువుతుంటే ఇరవై రెండు, ఇరవై ఆరు, పసిపిల్లలు. ఒక పక్కన ముస్లిముల సమాధులు వేరుగా ఉన్నాయి. ఆ ఒంటెలు తోలినవాళ్ళని ఇక్కడ అందరూ “ఆఫ్ఘన్లు” అంటారు కానీ వాళ్ళలో పంజాబు, బలూచిస్తాన్ ప్రాంతాల నుంచి వచ్చినవాళ్ళూ ఉన్నారు. తాజ్ మహమ్మద్ అనే ఒంటెల వ్యాపారిని 1896లో ఇక్కడి మసీదులో ప్రార్థన చేసుకుంటుండగా కాల్చి చంపారు. ఆయన సమాధి ఇక్కడే ఉంది. అమ్మ చెప్పులు విప్పి ఒక నిమిషం నిలబడింది. “ఎంత దూరం వచ్చి పోయారో, వాళ్ళ అమ్మలకి ఎప్పటికి తెలిసిందో” అంది.

ఈగల గురించి విన్నాను కానీ ఇంత అనుకోలేదు. కళ్ళలోకి, ముక్కులోకి, నోట్లోకి. నాన్నకి దగ్గు వచ్చినప్పుడల్లా నోరు మూసుకోవాల్సి వచ్చింది. కాల్‌గూర్లీలో తలకి తొడుక్కునే వలలు ఐదు కొన్నాం, ఒక్కోటి 8 డాలర్లు. పెర్త్‌లోనే కొనుక్కుని వెళ్ళండి. మోటెల్ చేరేసరికి నాలుగుంబావు. రాత్రి చలి బాగా ఉంది, పగటి ఎండ చూసి మోసపోవద్దు, స్వెట్టర్లు కావాలి.

ఆదివారం 22. ఈ ప్రయాణమంతా ఈ రోజు కోసమే అని ఇప్పుడు అనిపిస్తుంది.

6:30కి ఉత్తరంగా బయల్దేరాం. లియొనోరా దగ్గర గ్వాలియా, కాల్‌గూర్లీ నుంచి 235 కిలోమీటర్లు. మెన్జీస్ దగ్గర లేక్ బల్లార్డ్ ఉప్పు సరస్సులో ఆంటొనీ గోర్మ్లీ అనే శిల్పి పెట్టిన 51 ఉక్కు బొమ్మలు ఉన్నాయి. చూడాలని ఉంది కానీ అటు పక్కకి ఇంకో యాభై కిలోమీటర్లు, అదీ మట్టి రోడ్డు. అద్దె బండిని మట్టి రోడ్డు మీద నడపకూడదు. వదిలేశాం. 9:20కి గ్వాలియాలో ఉన్నాం.

సన్స్ ఆఫ్ గ్వాలియా అనే గని చుట్టూ పుట్టిన ఊరు ఇది. మొదట్లో, 1898లో, దీనికి మేనేజరుగా వచ్చింది హెర్బర్ట్ హూవర్. అప్పటికి ఇంకా పాతికేళ్ళు నిండని ఇంజినీరు, తర్వాత అమెరికా అధ్యక్షుడయ్యాడు. ఆయన ఇల్లు గుట్ట మీద ఇప్పటికీ ఉంది, చుట్టూ వరండా. కూలీ తక్కువకి వస్తారని ఇటలీ వాళ్ళని పనిలో పెట్టడం మొదలైంది ఆయన కాలంలోనే. నాన్నకి ఈ సంగతి చెబితే ఆశ్చర్యపోలేదు. “మనల్ని పిలిచిందీ అందుకే కదా” అన్నారు. పైన వరండా ఇల్లు, కింద రేకు గుడిసెలు. ఆ ఏర్పాటు చూడగానే మాకు ముగ్గురికీ తెలిసిన ఊరులాగే ఉంది. కేజీఎఫ్‌లో దొరల బంగళాలు ఒక వైపు, మా లైన్ ఇళ్ళు ఒక వైపు.

1963 డిసెంబరు 28న ఈ గని మూతపడింది. ఊళ్ళో ఉన్న దాదాపు 1,200 మంది మూడు వారాల్లో 40 మంది అయ్యారు. చేత్తో మోయగలిగింది తీసుకుని పోయారు, మిగిలింది అలాగే ఉంది. ఆ గుడిసెల్ని ఇప్పుడు జాగ్రత్తగా నిలబెట్టి ఉంచారు, లోపలికి వెళ్ళి చూడొచ్చు.

మేం మూడో ఇల్లు చూస్తున్నాం. తలుపు నాన్న భుజం ఎత్తే ఉంది, వంగి లోపలికి వెళ్ళాం. మట్టి నేల. రేకు గోడకి లోపలి వైపు గోనెపట్టా కొట్టి, దాని మీద కాగితం అంటించారు. కాగితం చాలాచోట్ల చిరిగిపోయింది, కింద గోనె పోగులు కనిపిస్తున్నాయి. ఒక మూల ఇనుప పొయ్యి, పైన ఒక పెనం. అమ్మ గోడ దగ్గరికి వెళ్ళి చెయ్యి పెట్టబోయి, ముట్టుకోకూడదేమోనని వెనక్కి తీసుకుంది.

“మాది తట్టీ గోడ” అంది నాతో. “వెదురు తట్టీ. పెళ్ళయి వచ్చినప్పుడు మీ నాయనమ్మ మైదా కాచి ఇచ్చింది, పేపర్లు అంటించమని. దుమ్ము రాకుండా. దీపావళికి ఒకసారి, సంక్రాంతికి ఒకసారి కొత్త పేపర్లు. నీకు అక్షరాలు నేర్పించింది ఆ గోడ మీదే.”

నాకు ఆ గోడ గుర్తుంది. అక్షరాలు నేర్చుకోవడం గుర్తులేదు. నలభై ఏళ్ళు దగ్గరపడుతున్న నాకు ఆ సంగతి ప్రపంచానికి ఇటు చివర, ఎవరో ఇటలీ కుటుంబం వదిలేసిపోయిన ఇంట్లో తెలిసింది. కాసేపు బయటికి వచ్చి నిలబడ్డాను. వల లోపల కళ్ళు తుడుచుకోవడానికి కుదరలేదు.

అక్కడి నుంచి గుట్ట ఎక్కాం. చెక్క హెడ్‌గేర్, అంటే షాఫ్టు మీద తాడుని మోసే ఎత్తైన చట్రం, ఉంది అక్కడ, ఆరెగాన్ కలపతో కట్టింది. మన దగ్గర ఇనుపవి నిలువుగా ఉంటాయి, ఇది ఒక పక్కకి వాలి ఉంది, ఎందుకంటే ఇక్కడి షాఫ్టు ఏటవాలు. తర్వాత పైనుంచి పెద్ద గొయ్యిలా ఓపెన్ పిట్ తవ్వాల్సి వచ్చినప్పుడు దీన్ని ఉన్నచోటి నుంచి తెచ్చి ఇక్కడ నిలబెట్టారు. పక్కనే షెడ్డులో వైండింగ్ ఇంజిన్.

నాన్న ఆ షెడ్డు గుమ్మం దగ్గర ఆగిపోయారు. నేను దగ్గు వస్తోందేమో అనుకుని ఇన్‌హేలర్ తీశాను. వద్దన్నట్టు చెయ్యి ఊపారు.

“ఆవిరిది” అన్నారు. “మాది కరెంటుది. కానీ డ్రమ్ము ఇదే. బ్రేకు ఇదే. చూడు, డెప్త్ ఇండికేటరు.”

తర్వాత గంటంబావు మేం ఆ షెడ్డులోనే ఉన్నాం. నాన్న తొమ్మిదేళ్ళ మనవడికి మొత్తం వివరించారు. తాడు డ్రమ్ముకి ఎలా చుట్టుకుంటుందో, అంత లోతున ఉన్న మనిషి పైన ఉన్న డ్రైవరుకి కనపడడు కాబట్టి గంటలు ఎలా మాట్లాడతాయో. “ఒక గంట ఆపమని. రెండు, దించమని. మూడు కొడితే కేజీలో మనుషులు ఎక్కారని. మూడు వినపడితే చెయ్యి వేరేగా పెట్టాలి లివర్ మీద. రాయిని తెచ్చినట్టు తేకూడదు.” అడ్డుగా ఉన్న ఇనుప కమ్మీ మీద వేలి గణుపుతో కొట్టి చూపించారు. టక్. టక్ టక్. టక్ టక్ టక్. మావాడు ప్రతిసారీ సరిగ్గా చెప్పాడు. నాన్న ఎడమ చెయ్యి గాలిలోనే ఏదో పట్టుకున్నట్టు మెల్లగా వెనక్కి వచ్చింది. నేను పుట్టి పెరిగిన ఇంట్లో ఆ చేతి కదలిక ఎప్పుడూ చూడలేదు. ఇరవై ఏడేళ్ళు ఆయన ఏం పని చేశారో నాకు ఆ రోజే కళ్ళకి కనిపించింది.

అక్కడ ఇంకో విషయం నాన్నని బాగా కదిలించింది. 1963లో మూసిన ఈ గనిని 1980లలో మళ్ళీ తెరిచారు. ఇప్పటికీ నడుస్తోంది, ఒకటిన్నర కిలోమీటరు కంటే లోతుకు పోయింది. హూవర్ ఇంటి పక్క నుంచి చూస్తే కింద పెద్ద గొయ్యి, దాని అంచున లారీలు దిగే దారి. “మూసింది తెరిచారా?” అని రెండుసార్లు అడిగారు. కేజీఎఫ్ మళ్ళీ తెరుస్తారన్న మాట ఇరవై మూడేళ్ళుగా ప్రతి ఎలక్షన్‌కీ విన్న మనిషి. ఇంకేమీ అనలేదు.

రెండున్నరకి బయల్దేరాలి, చీకటి పడకముందు కాల్‌గూర్లీ చేరాలి కదా. బండి దగ్గర నిలబడే చపాతీలు తిన్నాం. మెన్జీస్ దాటాక ఎదురుగా వచ్చిన రోడ్ ట్రెయిన్ నుంచి రాయి ఎగిరి అద్దానికి తగిలింది. తుపాకీ పేలినట్టు చప్పుడు. అమ్మ కేక వేసింది. చూస్తే బఠాణీ గింజంత మచ్చ, పగులు సాగలేదు. బండి తిరిగి ఇచ్చినప్పుడు దానికి 120 డాలర్లు కట్టాం. ఎదురుగా పెద్ద లారీ వస్తే వేగం తగ్గించి ఎడమకి జరగండి. మేం అది తర్వాత నేర్చుకున్నాం.

సోమవారం కాల్‌గూర్లీ. సెలవు రోజు కాబట్టి కొన్ని మూసి ఉన్నాయి. హానన్ స్ట్రీట్‌లో ప్యాడీ హానన్ విగ్రహం చూశాం. 1893 జూన్‌లో ఇక్కడ బంగారం కనిపెట్టిన ముగ్గురిలో ఒకడు. విగ్రహం చేతిలో నీళ్ళ సంచి, దాన్లోంచి నీళ్ళు వస్తాయి, తాగొచ్చు. ఈ ఊళ్ళో అతని చేతిలో పార కాకుండా నీళ్ళ సంచి పెట్టడం నాకు చాలా సరిగ్గా అనిపించింది.

సూపర్ పిట్ అంటే ఊరి పక్కనే ఉన్న పెద్ద ఓపెన్ పిట్ బంగారు గని. దాని వ్యూ పాయింట్‌కి మాకు టికెట్ లేదు. గనిలో రాయిని పేల్చే సమయం ముందు రోజు చూసుకుని వెళ్ళాం, ఒంటిగంట అన్నారు. పన్నెండుంబావుకే వెళ్ళి నిలబడ్డాం. ఒంటిగంట అయింది, ఒంటిగంటన్నర అయింది. నీడ తక్కువ, ఈగలు ఎక్కువ. ఎదురుచూస్తున్నవాళ్ళలో సగం మంది వెళ్ళిపోయారు. 1:50కి కింద ఒక వరుసలో మట్టి మెల్లగా లేచింది, చప్పుడు ఆ తర్వాత వచ్చింది, కాళ్ళ కింద తెలిసింది. ఆరేడు సెకన్లు. నీళ్ళ సీసా, టోపీ, అమ్మ కోసం మడత కుర్చీ ఉంటేనే ఆగండి.

గొయ్యి మూడున్నర కిలోమీటర్ల పొడవు, ఒకటిన్నర కిలోమీటరు వెడల్పు, 600 మీటర్లకు పైగా లోతు. అంకెలు చదివితే తెలియదు. 225 టన్నులు మోసే లారీలు అగ్గిపెట్టెల్లా పాకుతుంటాయి. అందరూ ఆ లారీలనే చూస్తున్నారు. నాన్న మాత్రం గోడల్ని చూస్తున్నారు. మెట్లు మెట్లుగా కోసిన ఆ గోడల్లో అక్కడక్కడ నల్లటి రంధ్రాలు, కొన్నిచోట్ల కలప ముక్కలు బయటికి పొడుచుకుని ఉన్నాయి.

“అవి పాత లెవెల్స్ పాపా” అన్నారు. “మనుషులు లోపల నుంచి తవ్వినవి. ఇప్పుడు మిషన్లు పైనుంచి తవ్వుకుంటూ వచ్చేసరికి అడ్డం తగిలాయి.”

గోల్డెన్ మైల్ అని పేరుపడ్డ పాత గనులన్నీ కలిసి ఈ ఒక్క గొయ్యి అయ్యాయని బోర్డు మీద ఉంది. నాన్న చెప్పాక చూస్తే ఆ రంధ్రాలు తప్ప నాకు ఇంకేమీ కనిపించలేదు. ఒక్కో రంధ్రం వెనక ఎంత దూరం దారి ఉండేదో, ఎన్ని షిఫ్టులు పట్టి ఉంటుందో. నాన్న ఫోన్‌తో జూమ్ చేసి వాటికే పద్నాలుగు ఫోటోలు తీసుకున్నారు.

మంగళవారం ఉదయం ఆరుంబావుకి బయల్దేరి, మధ్యలో రెండుసార్లే ఆగి, రెండున్నరకి పెర్త్ చేరాం. అందరం అలిసిపోయాం. నాన్న దగ్గు పెరగలేదు, నా భయం ఊరికే పోయింది. బండి మీటరు ప్రకారం మొత్తం 1,762 కిలోమీటర్లు, ఉచితం పోగా 962 కిలోమీటర్లకి 317 డాలర్లు అదనం. పెట్రోలు 334, ఉత్తరానికి పోయేకొద్దీ లీటరు ధర పెరిగింది. గదులు 1,134. బయట తిండి, వలలు, చిల్లర ఖర్చులు 240. అద్దె, అద్దం కలుపుకుని 2,600 డాలర్లకు కొంచెం పైన. మన డబ్బుల్లో లక్షన్నరకి దగ్గర. నాన్నకి ఈ లెక్క చెప్పలేదు. నేను ఇప్పుడు మళ్ళీ వెళ్తే సొంత కారులో వెళ్తాను, లేదా కిలోమీటర్ల లిమిట్ లేని అద్దె బండి తీసుకుంటాను, లియొనోరాలో ఒక రాత్రి ఉంటాను. ఒక్క రోజులో గ్వాలియా వెళ్ళి రావడం పెద్దవాళ్ళకి ఎక్కువే.

ఆ రాత్రి నాన్న కేజీఎఫ్‌లో ఉన్న తన పాత స్నేహితుడికి వీడియో కాల్ చేశారు. ఇద్దరూ ఒకే షాఫ్టు మీద షిఫ్టులు మార్చుకుంటూ పనిచేసినవాళ్ళు. సూపర్ పిట్ గురించి ఒక మాట చెప్పి దాటేశారు. తర్వాత అరగంట ఆ షెడ్డు గురించే. డ్రమ్ము ఎంత, బ్రేకు ఎటు, డ్రైవరు సీటు ఎక్కడ. నేను వంటింట్లో గిన్నెలు సర్దుతూ వింటున్నాను.

అటు నుంచి ఆయన ఏదో అడిగారు. నాన్న వెంటనే జవాబు చెప్పలేదు.

“తుప్పు లేదయ్యా” అన్నారు చివరికి. “అరవై ఏళ్ళయింది మూసి. నూనె వేసి పెట్టారు.”